దొరికిన విమానం రేపు లేస్తుందా? చైనా అంతర్యుద్ధంలో పట్టుబడ్డ విమానాల కథ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. అంతర్యుద్ధంలో ఒక పక్షానికి శత్రువు తుపాకీ దొరికిందనుకోండి. ఏం చేస్తారు? ఎత్తి, తిప్పి చూసి, తూటాలుంటే ఆ సాయంత్రమే కాలుస్తారు. లారీ దొరికితే? ఆయిలు పోసి తోలుకుపోతారు. మరి విమానం దొరికితే? ముందుగా దాన్ని దాచాలి. ఎందుకంటే పోగొట్టుకున్నవాడికి అది ఎక్కడుందో తెలుసు, మర్నాడు వచ్చి బాంబు వేస్తాడు. దాచాక ఇంధనం కావాలి. విడిభాగాలు కావాలి. నడిపేవాడు కావాలి, విప్పి బిగించేవాడు కావాలి. అందుకే ఈ విషయంలో ఎన్ని విమానాలు పట్టుకున్నారు అన్న లెక్క నన్ను అడగొద్దు. రేపు పొద్దున ఎన్ని లేస్తాయి? ఆ ఒక్కటీ అడగండి. ఈ గంటంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాం.

దీనికి నేను తీసుకున్న ఉదాహరణ చైనా. కమ్యూనిస్టులకీ, చియాంగ్ కై షేక్ గారి జాతీయవాదులకీ మధ్య జరిగిన యుద్ధం. స్పెయిన్ ఉంది, రష్యా ఉంది, వాటి మాటా మధ్యలో వస్తుంది. కానీ సొంతంగా ఒక్క విమానం కూడా తయారు చేయలేని సైన్యం, దొరికిన వాటితోనే వైమానిక దళాన్ని మొదలుపెట్టిన తీరు చైనాలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

కమ్యూనిస్టులకు మొదటి విమానం 1930లో దొరికింది. అవును, వాళ్లు గెలిచిన 1949 కాదు, 1930. ఏడాది ఆరంభంలో జాతీయవాదుల విమానం ఒకటి, అమెరికా వాట్ కంపెనీ వారి కోర్సేర్, రెండంతస్తుల రెక్కలది, పొగమంచులో దారి తప్పింది. ఆయిలు అయిపోయి హెనాన్, హుబే సరిహద్దు కొండల్లో దిగిపోయింది. అది కమ్యూనిస్టుల ఎర్రసైన్యం ఉన్న ప్రాంతం. పైలట్ పేరు లోంగ్ వెన్‌గువాంగ్. ఆయన్ను పట్టుకున్నారు, మాట్లాడారు, ఆయన వీళ్ల వైపు వచ్చేశాడు. విమానాన్ని విప్పదీసి, రైతులు భుజాల మీద మోసుకుని కొండలు దాటించి దాచారు. మళ్లీ బిగించేసరికి 1931 వచ్చింది. బూడిదరంగు పూసి, ఎర్ర నక్షత్రాలు వేసి, 'లెనిన్' అని పేరు పెట్టారు.

అది చేసిన పనులేంటి? కరపత్రాలు చల్లింది. శత్రువు పట్టణాల మీద ఒక చుట్టు తిరిగి కనిపించింది. 1931 డిసెంబరులో హువాంగ్‌ఆన్ ముట్టడిలో మోర్టారు గుండ్లు జారవిడిచింది. 1932లో సైన్యం ఆ ప్రాంతం ఖాళీ చేసి వెళ్లాల్సి వచ్చినప్పుడు దాన్ని విప్పి నేలలో పాతిపెట్టి పోయారు. రెండేళ్లకు పైగా చేతిలో ఉన్న విమానం, లేచిన రోజులు మాత్రం చాలా కొద్ది. ఎందుకని? ఆయిలు శత్రువు ప్రాంతం నుంచి దొంగచాటుగా తేవాలి. పైలట్ ఒక్కడు. విడిభాగం లేదు. చూశారా, ప్రశ్న మళ్లీ అక్కడికే వచ్చింది.

ఇంకొకటి చెప్పి అసలు కథలోకి వెళ్దాం. 1946 జూన్ 26న ల్యూ షాన్‌బెన్ అనే జాతీయవాద పైలట్ బీ-24 బాంబరును నడుపుకుంటూ వచ్చి కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్‌లో దించాడు. నాలుగు ఇంజిన్ల లిబరేటర్! కమ్యూనిస్టులకు అప్పటిదాకా దొరికినవాటిలో ఇంత పెద్దది లేదు. ఎగిరి వచ్చింది, బాగానే ఉంది, పైలట్ కూడా దానితోపాటే వచ్చాడు. ఇంకేం కావాలి? దాచే చోటు కావాలి. ముప్ఫైమూడు మీటర్ల రెక్కలున్న విమానాన్ని ఎక్కడ దాస్తారు? ఆగస్టు మొదట్లో జాతీయవాదుల విమానాలు వచ్చి యెనాన్ విమానాశ్రయం మీద బాంబులు వేశాయి, బీ-24 పోయింది. మిగిలింది ల్యూ షాన్‌బెన్. ఆయన తర్వాత ఎందరికో పాఠాలు చెప్పాడు. నన్నడిగితే ఆ రోజు దిగినవాటిలో ఖరీదైనది ఆయనే.

మంచూరియాలో పాత ఇనుము

ఇక 1945 ఆగస్టు. జపాన్ లొంగిపోయింది. చైనా ఈశాన్యంలో, అంటే మంచూరియాలో, జపాను వాళ్ల క్వాంటుంగ్ సైన్యం వదిలేసిన విమానాశ్రయాలు డజన్లకొద్దీ ఉన్నాయి. పనికొచ్చే స్థితిలో ఉన్నవాటిని ముందు సోవియట్ సైన్యం తీసుకుంది. కొన్నింటిని పోతూ పోతూ జపాను వాళ్లే పాడుచేశారు. మిగిలినవి చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పాలయ్యాయి. తప్పుపట్టకండి, వాళ్ల దృష్టిలో అది అల్యూమినియం, రబ్బరు, తీగ. విమానం రేకుతో గిన్నె అవుతుంది, టైరుతో చెప్పు అవుతుంది.

వీటి కోసం కమ్యూనిస్టులు మనుషుల్ని పంపారు. ఊరూరా తిరిగారు, ఎడ్లబండ్ల మీద, గుర్రపు బండ్ల మీద విమానాల్ని లాక్కొచ్చారు. రెక్కలు ఊడదీసి బండి మీద, మొండెం తోక చక్రం మీద. అలా 120కి పైగా పోగయ్యాయి. వినడానికి పెద్ద సంఖ్య. కానీ వాటిలో బాగుచేస్తే ఎగిరేవి ముప్ఫై, నలభై. మిగతావన్నీ విడిభాగాల కొట్టు. ఇది తరుగు అనుకోకండి, ఎప్పుడూ ఉండే నిష్పత్తే. మూడు పాడైన విమానాల్ని విప్పితే ఒకటి లేస్తుంది. అది కూడా మూడూ ఒకే రకమైతేనే!

ఆ 'ఒకే రకం' అన్న మాట దగ్గర ఒక నిమిషం ఆగుదాం. దొరికినవాటిలో హయబుసా ఫైటర్లున్నాయి, రెండు ఇంజిన్ల తేలికపాటి బాంబర్లున్నాయి, రవాణా విమానాలున్నాయి. ఒక్కో రకానికీ ఇంజిన్ వేరు, బోల్టు కొలత వేరు, చక్రం వేరు. అన్నింటికన్నా ఎక్కువగా దొరికింది తచికావా కంపెనీ తయారీ 99 రకం అడ్వాన్స్‌డ్ ట్రైనర్, కీ-55. హితాచి వారి తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజిన్, 510 హార్స్‌పవర్. చక్రాలు లోపలికి ముడుచుకోవు. అది అదృష్టం, హైడ్రాలిక్ పైపుల గొడవ లేదు. జపాన్ వీటిని 1300కి పైగా చేసింది. యుద్ధానికి గొప్ప విమానమేం కాదు. కానీ పాడైన ఫైటర్లు పదిరకాలుండే బదులు పాడైన ట్రైనర్లు ఒకే రకానివి ముప్ఫై ఉండటం ఎంత మేలో, స్పానర్ పట్టినవాళ్లను అడగండి, చెబుతారు.

మరి నడిపేదెవరు? నేర్పేదెవరు? కమ్యూనిస్టుల దగ్గర చదువుకున్నవాళ్లు కొందరున్నారు. ఛాంగ్ చియెన్‌కున్, వాంగ్ బీ సోవియట్ యూనియన్‌లో విమాన విద్య నేర్చినవాళ్లు. 1938లో షింజియాంగ్‌లోని స్థానిక పాలకుడి విమాన దళానికి పంపి శిక్షణ ఇప్పించినవాళ్లు నలభై మందికి పైగా ఉన్నారు. అయితే ఆ పాలకుడు తర్వాత ఎదురుతిరిగి వాళ్లను జైల్లో పెట్టాడు. విడుదలై వచ్చేసరికి 1946 సగం గడిచింది. అంటే మొదటి ఏడాదికి చాలినంతమంది శిక్షకులు లేరు.

నేర్పింది జపానువాళ్లు. అవును, నిన్నటిదాకా శత్రువులు. లియావోనింగ్‌లో మేజర్ హయాషి యాయిచిరో నాయకత్వంలో ఒక శిక్షణ దళం, దాదాపు 300 మంది, పైలట్లూ మెకానిక్కులూ అందరూ కలిపి, కమ్యూనిస్టులకు లొంగిపోయింది. షెన్‌యాంగ్‌లో కమ్యూనిస్టు నాయకులు లిన్ బియావ్, పెంగ్ జెన్, వూ షియుచ్వాన్ ఆయన్ను కూర్చోబెట్టి అడిగారు: మాకు విమాన దళం కావాలి, సాయం చేస్తారా? హయాషి వెంటనే సరే అనలేదు. మమ్మల్ని ఖైదీలుగా చూడకూడదు అన్నాడు. శిష్యులు శిక్షకుడి మాట వినాలి అన్నాడు. తిండి సంగతి, కుటుంబాల సంగతి తేల్చుకున్నాడు. నిజమే కదా! ఖైదీ చెప్పే మాటని వెనక సీట్లోనో ముందు సీట్లోనో కూర్చున్న విద్యార్థి లెక్కచేయకపోతే, ఇద్దరూ కలిసే పోతారు. ఒప్పుకున్నారు.

1946 మార్చి 1న జీలిన్ రాష్ట్రం తోంగ్‌హ్వాలో బడి మొదలైంది. దానికి నెల ముందే, ఫిబ్రవరి 3న, అదే ఊళ్లో పాత జపాన్ సైనికులు, జాతీయవాదుల మనుషులు కలిసి తిరుగుబాటు చేశారు. అది అణచిన నెలలోపే జపాను శిక్షకులతో విమానాల బడి తెరవడమంటే ఆ పక్కా ఈ పక్కా ఎంత అనుమానం దిగమింగి ఉంటారో ఊహించుకోండి. తర్వాత బడి ఒక చోట నిలవలేదు. ఏప్రిల్‌లో ముదాన్‌జియాంగ్‌కి. అక్కడికి జాతీయవాదుల విమానాలొచ్చి కాల్పులు జరిపితే ఏడాది చివర దోంగ్‌ఆన్‌కి, ఇప్పటి మిషాన్, సోవియట్ సరిహద్దు దగ్గర. 1948లో మళ్లీ ముదాన్‌జియాంగ్‌కి. ఆ తర్వాత ఛాంగ్‌చున్‌కి. ప్రతిసారీ విమానాలు విప్పడం, రైలెక్కించడం, దించడం, బిగించడం. బిగించాక ప్రతి కంట్రోల్ తీగ బిగువూ మళ్లీ సరిచూడాలి. ఏలరాన్ (రెక్క చివర కదిలే పలక) తీగలు అటుదిటు బిగిస్తే కుడికి తిప్పితే ఎడమకు ఒరుగుతుంది. ఆ పొరపాటు నేల మీద తెలియకపోతే గాలిలో తెలుస్తుంది, అప్పటికి ఆలస్యం.

సారాతో ఎగరడం

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం, ఇంధనం. ఇంజినీరింగ్ పిల్లలు కొంచెం చెవులు ఇటు పెట్టండి.

జపాన్ వదిలేసిన విమాన పెట్రోలు కొన్ని వందల పీపాలు. విద్యార్థులు ఎగరడం మొదలుపెడితే ఎన్నాళ్లు వస్తుంది? 1947 నాటికి అడుగంటింది. కొందామంటే అమ్మేవాడు లేడు. కానీ ఈశాన్యం జొన్న పండే నేల, జొన్న నుంచి సారా తీయడం అక్కడ ఎప్పటినుంచో ఉంది. అందుకే ఆల్కహాలుతో ఎగరాలని నిర్ణయించారు.

సారా పోస్తే ఇంజిన్ తిరుగుతుందా? తాగే సారా పోస్తే తిరగదు, సగం నీళ్లే కదా అది. 95 శాతం దాకా బట్టీ పెట్టాలి. మామూలు బట్టీలో ఎన్నిసార్లు కాచినా 95, 96 దాటదు, అక్కడ నీరూ ఆల్కహాలూ కలిసే ఆవిరవుతాయి. సరే, ఆ 95 శాతం చేతికొచ్చింది. ట్యాంకులో పోసి స్టార్ట్ చేస్తే? దగ్గుతుంది, ఆగిపోతుంది. ఎందుకంటే ఒక కిలో పెట్రోలు మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఒక కిలో ఆల్కహాలుకు 9 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఆల్కహాలు పోయాలి. ఘనపరిమాణంలో చూస్తే సుమారు ఒకటిన్నర రెట్లు. ఇంధనాన్ని గాలిలో కలిపే కార్బురేటర్‌లో జెట్ రంధ్రం పెట్రోలు లెక్కకు చేసింది, అది చాలదు. జెట్ పెద్దది చేయాలి.

ఎంత పెద్దది? ఒకటిన్నర రెట్లు అన్నారు కదా అని 1 మిల్లీమీటరు రంధ్రాన్ని 1.5 చేస్తే? చెప్పండి. ఆ... వెనక ఎవరో అన్నారు, కరెక్ట్. వైశాల్యం రెండింతలు దాటిపోతుంది. ఇంజిన్ మునిగిపోతుంది, నల్లటి పొగ, ప్లగ్గులు తడిసిపోతాయి. పెరగాల్సింది వైశాల్యం, వ్యాసం కాదు. 1 మిల్లీమీటరు 1.2 దాటితే చాలు. అంటే తిప్పేది మిల్లీమీటరులో ఐదో వంతు. ఆ తేడాని చేత్తో రీమర్ (రంధ్రం పెద్దది చేసే పనిముట్టు) తిప్పి సాధించాలి, అన్ని జెట్లకూ ఒకేలా. తక్కువ చేస్తే ఇంకా ప్రమాదం. పలచటి మిశ్రమం నెమ్మదిగా మండుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది, అది కాలేది సరిగ్గా టేకాఫ్‌లో పూర్తి పవర్ మీద ఉన్నప్పుడు.

జెట్ కుదిరింది. రెండో తలనొప్పి, చలి. ఆల్కహాలు ఆవిరి కావడానికి పెట్రోలుకు కావాల్సినదానికన్నా రెట్టింపు కంటే ఎక్కువ వేడి తీసుకుంటుంది. 13 డిగ్రీల కింద దాని ఆవిరి నిప్పంటుకునేంత రాదు. ముదాన్‌జియాంగ్‌లో చలికాలం మైనస్ 30. ఇంకేం స్టార్ట్ అవుతుంది? అలాంటి చోట పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. దిగగానే ఇంజిన్ ఆయిల్ వేడిగా ఉండగానే పీపాలోకి దించేయాలి. పొద్దున దాన్ని పొయ్యి మీద వేడి చేసి పోయాలి. ఇంజిన్ మీద దుప్పటి కప్పి కింద నుంచి వేడి గాలి పంపాలి. సిలిండర్లలోకి కొద్దిగా పెట్రోలు పిచికారీ చేసి, దాంతో పట్టించి, వేడెక్కాక ఆల్కహాలుకు మారాలి. కాబట్టి మిగిలిన కాస్త పెట్రోలూ స్టార్టింగ్ కోసం బంగారంలా దాచుకోవాల్సిందే. రెండూ కలిపి పోసేస్తే సరిపోదా అంటారేమో. 95 శాతం ఆల్కహాలులో మిగిలిన ఆ ఐదు శాతం నీళ్లున్నాయే, చలిలో అవి పెట్రోలు నుంచి ఆల్కహాలును విడదీసి ట్యాంకు అడుక్కు దించుతాయి. ఒక నిమిషం ఒకటి, తర్వాతి నిమిషం ఇంకొకటి ఇంజిన్‌లోకి వస్తుంది.

మూడోది, దూరం. లీటరు ఆల్కహాలులో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. గంటన్నర ఎగరాల్సిన ట్యాంకు గంటకే ఖాళీ. విద్యార్థి ఆకాశంలో దారి తప్పితే తిరిగొచ్చే వెసులుబాటు అంత తగ్గిందన్నమాట. ఇక పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, లక్కతో చేసిన పూతలు కరుగుతాయి, ట్యాంకులో ఎన్నాళ్లనుంచో ఉన్న మష్టు ఊడి ఫిల్టరులో చేరుతుంది. కాబట్టి ఫిల్టరు ప్రతి రోజూ విప్పాలి. ఒక్క లాభం చెప్పాలి, న్యాయంగా. ఆల్కహాలు నాకింగ్ (వేళ కాని వేళ మండి ఇంజిన్‌ని కొట్టడం) ఇవ్వదు, ఆక్టేన్ విషయంలో దిగులు లేదు. అందుకే ఆ పాత ఇంజిన్లు ఏళ్ల తరబడి తట్టుకున్నాయి.

ఇది చైనా వాళ్ల వింత ఒక్కటే అనుకోకండి. రష్యా అంతర్యుద్ధంలో ఎర్ర పైలట్లు 'కజాన్ మిశ్రమం' అని ఒకటి పోసేవాళ్లు. కిరోసిన్, తేలిక గ్యాసొలీన్, ఆల్కహాలు, ఈథర్, ఏది దొరికితే అది. ఆ పొగకు పైలట్లకే తల తిరిగేది. వాళ్లు పట్టుకున్న విమానాలు, న్యూపోర్లు, సాప్‌విత్‌లలో చాలావాటికి రోటరీ ఇంజిన్లు, అంటే ప్రొపెల్లర్‌తోపాటు ఇంజినూ తిరిగేవి. ఆ ఇంజిన్‌కి ఏ ఆయిల్ కావాలో తెలుసా? ఆముదం! పెట్రోలు క్రాంక్‌కేసు గుండా పోతుంది కాబట్టి పెట్రోలులో కరగని నూనె కావాలి, ఆముదం కరగదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ ఆముదం పెద్ద మొత్తంలో వెళ్లింది మన దేశం నుంచే. రష్యాలో అది దొరక్క మామూలు మినరల్ ఆయిల్ పోస్తే సిలిండర్లు పట్టేసేవి. విమానం పట్టుకోవడం సులువే, ఆముదం ఎక్కడినుంచి తెస్తారు?

సరే, మళ్లీ దోంగ్‌ఆన్‌కి. ప్రొపెల్లర్లు చాలవు. విద్యార్థి దిగేటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే ముక్కు నేలకు కొట్టుకుంటుంది, మొదట వంగేది ప్రొపెల్లరే. అందుకని రెండు, మూడు విమానాలకు ఒకే ప్రొపెల్లర్. ఒకటి దిగగానే విప్పి పక్కదానికి బిగిస్తారు. ఇంకో ఇంజిన్‌ని ఆలోపు చూసుకోవచ్చు కదా! కానీ విప్పిన ప్రతిసారీ హబ్ కింద కోన్లు సరిగ్గా కూర్చోవాలి, పెద్ద నట్టు సరిపడా బిగియాలి, తాళం పిన్ను పడాలి. ఆకుల కొసలు ఒకే వృత్తంలో తిరుగుతున్నాయా లేదా చేత్తో తిప్పి చూడాలి. కొంచెం తేడా ఉంటే వణుకు, వణికితే ఇంజిన్ పట్టీలు పగులుతాయి. రోజుకు నాలుగుసార్లు ఈ పని చేసే మెకానిక్ నిద్రమత్తులో ఉంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

టైర్లకి గాలి? కంప్రెసర్ లేదు. సైకిల్ పంపులతో కొట్టారు. ట్రైనర్ టైరులో పీడనం ఎక్కువ ఉండదు కాబట్టి పంపు ఓడిపోదు, కానీ టైరు కడుపు పెద్దది. వందల పోట్లు. వరసలో నిలబడి చేతులు మార్చుకుంటూ కొట్టారు. ట్యూబు పూర్తిగా పోతే టైరులో గడ్డి తాళ్లు కుక్కారు. సీటు బెల్టులకు జనపనార తాడు. విమాన గడియారం లేని చోట మామూలు అలారం గడియారం మెడకు వేలాడదీసుకుని ఎగిరారు. ఇవి నవ్వుకోవడానికి చెప్పడం లేదు. దేనికి ప్రత్యామ్నాయం వాడొచ్చు, దేనికి వాడకూడదు అన్న వివేకం ఇందులో ఉంది. గడియారానికి బదులు గడియారం ఉంది. కంట్రోల్ తీగకి, వాల్వుకి, ప్రొపెల్లర్‌కి బదులు లేదు. వాటి దగ్గర వేరే విమానం నుంచి ఊడదీసిన అసలు భాగమే.

శిక్షణ క్రమం గురించి. ఏ దేశమైనా ముందు ప్రైమరీ ట్రైనర్, తర్వాత మధ్యస్థం, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్. వీళ్ల దగ్గర ప్రైమరీ విమానాలు కొన్నే, అవి త్వరలోనే పాడైపోయాయి. మిగిలింది కీ-55. మరి? మొదటి రోజు నుంచే అడ్వాన్స్‌డ్ మీద ఎక్కించారు. జపాను శిక్షకుల్లో చాలామంది వద్దన్నారు, కారణం ఉంది. మెల్లగా దిగే విమానం తప్పును క్షమిస్తుంది, వేగంగా దిగేది క్షమించదు. ఇంకో సంగతి, విద్యార్థులు ఎక్కువమంది పల్లెల నుంచి, పదాతిదళం నుంచి వచ్చినవాళ్లు, ప్రాథమిక చదువే. విమానాన్ని పైకెత్తే బలం, లిఫ్ట్, అంటే ఏమిటో బోర్డు మీద సూత్రం రాస్తే ఎక్కదు. అందుకని ఇంజిన్ కోసి తెరిచిపెట్టి పిస్టన్ చేత్తో తిప్పి చూపించారు. చెక్క నమూనాలతో చేతి సైగలు నేర్పారు. నేల మీదే సీట్లో కూర్చోబెట్టి కంట్రోల్ కట్టె, పెడలు ఎప్పుడు ఏది ఎంత అని వేలసార్లు చేయించారు. శిక్షకుడిది జపనీస్, శిష్యుడిది చైనీస్, గాలిలో దుభాషి ఉండడు కదా! కాబట్టి ఎగరకముందే అంతా మాట్లాడుకోవాలి, పైన సైగే. నా అభిప్రాయం అడిగితే, ఆ నేలమీది సాధనే వాళ్లను కాపాడింది. ఇంధనం తక్కువైనచోట నేల మీద నేర్చినది గాలిలో లీటర్లు మిగులుస్తుంది.

ఇంత చేసి ఈ విమానాలతో యుద్ధం చేశారా? దాదాపు లేదు. మూడేళ్లకు పైగా ఈ విమానాలు తయారుచేసింది మనుషుల్ని. 1946 నుంచి 1949 చివరి దాకా 560 మంది: పైలట్లు 126, మెకానిక్కులు 322, నావిగేటర్లు 24, మిగతా నేలపని వాళ్లు 88. ఆ అంకెల్ని ఒకసారి చూడండి. పైలట్‌కి ఇద్దరున్నర మెకానిక్కులు. అనుభవం ఉన్నవాడు వేసిన లెక్క అది.

షెన్‌యాంగ్ తర్వాత

1948 నవంబరు 2న షెన్‌యాంగ్ కమ్యూనిస్టుల వశమైంది. అప్పటినుంచీ దొరికినవి జపాన్ ట్రైనర్లు కావు, అమెరికా పీ-51 మస్టాంగ్‌లు, కర్టిస్ సీ-46 రవాణా విమానాలు, కెనడాలో చేసిన మాస్కిటోలు. ఎగిరే వాటిని జాతీయవాదులు ముందే ఎగరేసుకుపోయారు, మరమ్మతులో ఉన్నవి, పెట్టెల్లో ఉన్నవి మిగిలాయి. పనిముట్లు, ఇంజిన్లు, వర్క్‌షాపులు కూడా దొరికాయి. విమానం కంటే వర్క్‌షాపు దొరకడమే పెద్ద లాభం, అది గుర్తుపెట్టుకోండి. ఇలాంటి పని మన దేశంలోనూ జరిగింది. కాన్పూర్ చకేరిలో యుద్ధం అయ్యాక పాడుచేసి వదిలేసిన లిబరేటర్లను 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (హెచ్‌ఏఎల్) వాళ్లు విప్పి, ఒకదాని భాగాలు ఇంకొకదానికి వేసి, నలభైకి పైగా బాగుచేసి వైమానిక దళానికిచ్చారు. కాకపోతే వాళ్ల మీద ఎవరూ బాంబులు వేయడం లేదు, పెట్రోలు ఉంది.

510 హార్స్‌పవర్ నుంచి 1490కి దూకడం అంటే ఏమిటి? మస్టాంగ్‌లోది ప్యాకర్డ్ చేసిన మెర్లిన్ ఇంజిన్. థ్రాటిల్ ఒక్కసారి తోస్తే విమానం ఎడమకు లాగేస్తుంది. అందుకని టేకాఫ్‌కి ముందే రడ్డర్ ట్రిమ్ (తోక నిలువు పలకను ఒక పక్కకి పట్టి ఉంచే సర్దుబాటు) కుడికి ఐదారు డిగ్రీలు తిప్పి ఉంచాలి. కట్టె వెనక్కి పట్టుకుంటే తోక చక్రం తాళం పడుతుంది, వేగం వచ్చేదాకా వదలకూడదు. వెనక ట్యాంకు 85 గ్యాలన్లు నింపితే బరువు వెనక్కి పడి ముక్కు నిలకడ పోతుంది, కొత్తవాడికి ఆ ట్యాంకు ఖాళీగా ఉంచడమే మేలు. మాస్కిటో ఇంకా మొండిది. రెండు ప్రొపెల్లర్లూ ఒకే వైపు తిరుగుతాయి, కాబట్టి ఆ లాగుడు రెండింతలు. జాతీయవాదులు దాదాపు 200 కొని శిక్షణలోనే ఎన్నో కూల్చుకున్నారు. పైగా ఒళ్లంతా చెక్క, జిగురు. ఎండకీ వానకీ బయట వదిలేసిన మాస్కిటో అతుకు లోపల ఎలా ఉందో పైకి తెలియదు. అందుకే వీళ్లు మస్టాంగ్‌లనే ఎక్కువ నమ్ముకున్నారు. పైగా ఈ మాస్కిటోల ఇంజిన్లు కూడా ప్యాకర్డ్ మెర్లిన్లే, కాకపోతే వేరే మోడల్. మెర్లిన్ తెలిసిన మెకానిక్ దాని దగ్గర కొత్తవాడు కాదు.

1949 మే 4న జాతీయవాదుల ఆరు బీ-24లు వచ్చి బీజింగ్ దగ్గర నాన్‌యువాన్ విమానాశ్రయం మీద బాంబులు వేశాయి. నాలుగు విమానాలు దెబ్బతిన్నాయి, 196 గదులు కాలిపోయాయి, చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 24 మంది. రాజధాని చేయబోయే ఊరికి కాపలా లేదని తేలిపోయింది. ఆగస్టు 15న నాన్‌యువాన్‌లో ఒక దళం పెట్టారు, దొరికిన మస్టాంగ్‌లే దానికి వెన్నెముక. పట్టుబడ్డ విమానాలు నిజంగా కాపలా కాసింది ఇక్కడ. ఇక్కడ ఇంకో ఇబ్బంది వచ్చింది. శత్రువు దగ్గరా మస్టాంగే, వీళ్ల దగ్గరా మస్టాంగే. కింద ఫిరంగి దగ్గర ఉన్న కుర్రాడికి తేడా ఎలా తెలుస్తుంది? గుర్తు కొట్టొచ్చినట్టు మార్చాలి, ఎప్పుడు ఏ దిక్కు నుంచి వస్తాయో ఫిరంగుల వాళ్లకి ముందే చెప్పాలి.

1949 అక్టోబరు 1న, కమ్యూనిస్టులు కొత్త ప్రభుత్వం ప్రకటించిన రోజు, బీజింగ్‌లో జరిగిన కవాతు మీ అందరికీ తెలిసే ఉంటుంది. 17 విమానాలు: 9 మస్టాంగ్‌లు, 2 మాస్కిటోలు, 3 సీ-46లు, 1 ఎల్-5 చిన్న విమానం, 2 పీటీ-19 ట్రైనర్లు. ముందు నడిచింది శింగ్ హైఫాన్. కష్టం ఎక్కడంటే, పీటీ-19 ఎంత తొక్కినా గంటకు 210 కిలోమీటర్లు దాటి పెద్దగా పోదు. మస్టాంగ్ అంత మెల్లగా గుంపులో నడిస్తే రెక్కలు మోయలేని స్థితికి, అంటే స్టాల్‌కి దగ్గరవుతుంది. కాబట్టి రకానికో ఎత్తు, రకానికో వేగం. ఊరికి తూర్పున తోంగ్‌షియెన్ వైపు గుమిగూడి, ఎవరు ఎన్ని నిమిషాలకు కవాతు జరిగే తియానన్మెన్ చౌరస్తా మీదికి రావాలో వెనక్కి లెక్కేసుకుని బయల్దేరాలి. మస్టాంగ్‌లు వేగమైనవి కాబట్టి ఒకసారి దాటి, చుట్టు తిరిగి, పీటీ-19ల తోకపట్టుకుని రెండోసారి వచ్చాయి. సలహా కమ్యూనిస్టు నాయకుడు చౌ ఎన్‌లైది. కింద ఉన్నవాళ్లు 26 లెక్కపెట్టారు. ఎగిరిన ఆ 17లో నాలుగు తూటాలు నింపుకుని ఎగిరాయి. జనం తలల మీద నుంచి గుళ్లతో ఎగిరే కవాతు మామూలుగా ఎక్కడా ఉండదు. శత్రువు వస్తే గుంపు విడిచి నేరుగా పోరుకు వెళ్లాలన్నది ఆజ్ఞ.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. నవంబరు 11న వైమానిక దళం ఏర్పడింది. సోవియట్ నుంచి విమానాలు, శిక్షకులు వచ్చారు, ఫైటర్ దళాలు మిగ్‌లకు మారాయి. అమెరికా నుంచి మెర్లిన్ విడిభాగాలు ఎలాగూ రావు, కాబట్టి మస్టాంగ్‌లు ఒకదాన్నొకటి తింటూ తగ్గిపోయాయి. సీ-46లు మాత్రం టిబెట్ వైపు వెళ్లిన సైన్యానికి సరుకులు జారవిడిచే పనిలో ఇంకొన్నాళ్లు బతికాయి. ఈశాన్యం బడిలో చదివినవాళ్లు, వాంగ్ హై, ల్యూ యూతీ, జాంగ్ జీహుయ్, లీ హాన్, కొరియా యుద్ధంలో మిగ్-15లు ఎక్కారు. 1951 జనవరిలో చైనా తరఫున మొదటి అమెరికా ఎఫ్-84 జెట్‌ను దెబ్బకొట్టినట్టు లెక్కలో ఉన్నది లీ హాన్. వాంగ్ హై 1985లో ఆ దళానికే అధిపతి అయ్యాడు.

స్పెయిన్ గురించి చెబుతానన్నాను, టైమ్ అయిపోతోంది. ఒక్క ముక్క. అక్కడ యుద్ధం ముగిశాక గెలిచిన ఫ్రాంకో పక్షం ఓడినవాళ్ల దగ్గర దొరికిన సోవియట్ ఐ-16 ఫైటర్లను పారేయలేదు. హెరెస్ వర్క్‌షాపు చేతిలో ఉంది కాబట్టి వాటిని బాగుచేసుకుంటూ 1950ల మొదటి దాకా వాడుకుంది. తేడా కనిపిస్తోంది కదా, వర్క్‌షాపు. ఆ జెట్ లెక్క మీద, ఆల్కహాలు మీద ప్రశ్నలుంటే ముందు అవే తీసుకుందాం. ఎవరో ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, అడగండి.